ప్రైజు నీదే తల్లీ, నువ్వు మాత్రం రాకు

వాయిదా అనే మాటంటే నాకు మొదట్నుంచీ గౌరవమే. కోర్టు వాయిదాలు చూశాం, చీటీ వాయిదాలు కట్టాం, మూఢం వచ్చిందని పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నాం. కానీ 2023 అక్టోబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పడ్డ వాయిదా ఒకటుంది చూశారూ, అది మాత్రం నాకు ఇప్పటికీ చేపముల్లులా గొంతులోనే ఉండిపోయింది.

మీకు తెలిసిందే, అయినా మళ్ళీ చెప్తా. అదానియా షిబ్లీ అని పాలస్తీనా రచయిత్రి. 2017లో అరబిక్‌లో ‘తఫ్సీల్ సానవీ’ అని ఓ నవల రాసింది, అంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేని ఓ చిన్న వివరం అని. నూటచిల్లర పేజీలే. గుంటర్ ఓర్ట్ అనే ఆయన దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు, 2022లో బయటికొచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లిట్‌ప్రోమ్ అని ఓ సంస్థ, ఆఫ్రికా ఆసియా లాటిన్ అమెరికా అరబ్ దేశాల సాహిత్యాన్ని జర్మన్ పాఠకులకి పరిచయం చెయ్యడానికే పుట్టింది, 1980 నుంచీ అదే పని. ఆ దేశాల రచయిత్రులకి లిబెరాటూర్‌ప్రైస్ అని ఓ ప్రైజు కూడా ఇచ్చేది. లిటరేచర్‌లో ఓ ‘బ’ దూర్చి, లిబరేషన్ అని చెవిన పడేట్టు పెట్టిన పేరది. ఆ ఏడు ప్రైజు షిబ్లీకి. అక్టోబర్ 20న ఫ్రాంక్‌ఫర్ట్ బుక్ ఫెయిర్‌లో చేతికివ్వాలి, అదీ 75వ ఫెయిర్.

అక్టోబర్ 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగింది, ఘోరం, అందులో రెండో మాట లేదు. గాజా మీద యుద్ధం మొదలైంది. వారం తిరిగేసరికి లిట్‌ప్రోమ్ ప్రకటన. యుద్ధం వల్ల ఫెయిర్‌లో సభ పెట్టట్లేదట. ప్రైజు మాత్రం ఆవిడదేనట, దాంట్లో అనుమానమే లేదట, తర్వాతెప్పుడో ‘తగిన ఫార్మాట్, తగిన వేదిక’ చూసి ఇస్తారట. పైగా ఇది రచయిత్రితో కలిసి తీసుకున్న నిర్ణయం అని మొదట చెప్పుకున్నారు. అబ్బే, ఆవిడ ఒప్పుకోలేదు అని ఆవిడ ఏజెన్సీ బయటపెట్టింది. ఉమ్మడి నిర్ణయం అంటే ఏమోలెండి, మా ఇంట్లో కూడా ఆదివారం ఏం వండాలో కోడిని పక్కన కూర్చోబెట్టుకునే నిర్ణయిస్తాం.

ఇంక ఆ తగిన ఫార్మాట్. దీని మీద నేను పడ్డంత ఆలోచన ఆ సంస్థ కూడా పడి ఉండదు. పెద్ద టేబులు, మినరల్ వాటర్ సీసాలు, చుట్టూ మహా సున్నితమైన మనుషులు ఓ పదిమంది కూర్చున్నారనుకోండి. రచయిత్రి వస్తుంది గానీ మాట్లాడదు, ఎలా ఉంటుంది అంటాడొకాయన. అబ్బే, ఉత్తినే కూర్చున్నా అరబ్‌లాగే కనబడుతుంది కదండీ అంటుంది ఇంకొకావిడ. పోనీ జూమ్‌లో పెట్టి మ్యూట్ చేద్దామా? ముఖం కనబడుద్దే. ముఖం ఆపేసి మాటే వింటే? మాటే కదా అసలు సమస్య. పోనీ అనువాదకుణ్ణి పిలుద్దాం, శుభ్రమైన జర్మన్ మాట్లాడతాడు. బావుంది గానీ ఆయన ఆ పుస్తకంలోంచి చదువుతానంటే? ఇలా సాయంత్రం దాకా నలిగి నలిగి చివరికి ఓ పెద్దాయన లేచి, పూర్వం మన జమీందార్లు తాము రాకుండా కత్తిని పంపి పెళ్ళి చేసుకునేవాళ్ళు కదండీ (ఆయనకి మన జమీందార్లు ఎలా తెలుసని అడక్కండి, నా కమిటీ నా ఇష్టం), అలా పుస్తకాన్నే పీట మీద పెట్టి, బాసికం కట్టి, మూసిన పుస్తకాన్ని మూసినట్టే ఉంచి ప్రైజిచ్చేద్దాం, అట్ట కూడా తిరగేసి పెడదాం అంటాడు. చప్పట్లు. అందరూ కళ్ళు తుడుచుకుంటారు.

మన దగ్గర ఆవిష్కరణ సభల్ని ఎన్నైనా వెక్కిరించండి, నేనూ వెక్కిరించా. అధ్యక్షుడు పుస్తకం తెరవడు, వక్తలు అట్ట మీద బొమ్మ గురించే అరగంట లాగిస్తారు. అయినా రాసినవాణ్ణి మాత్రం పిలుస్తాం కదండీ, ఓ శాలువా కప్పుతాం, రెండు ముక్కలు మాట్లాడమంటాం.

ఈ జబ్బు కొత్తదేం కాదు. పాలస్తీనాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్‌ని న్యూయార్క్ పబ్లిషర్ ఒకాయన మూడో ప్రపంచపు నవలలేమైనా చెప్పండి, అనువాదం చేయిద్దాం అని అడిగితే ఈయన ఈజిప్టు నవలాకారుడు నగీబ్ మహఫూజ్ పేరు పైన పెట్టి లిస్టిచ్చాడు. అది వద్దన్నారు. ఎందుకయ్యా అంటే అరబిక్ వివాదాస్పద భాష అట. నవల కాదు, రచయిత కాదు, భాష! క్రియాపదాల మీద కేసు పెట్టినట్టు. ఎనిమిదేళ్ళ తర్వాత 1988లో మహఫూజ్‌కి నోబెల్ వచ్చింది, అప్పుడు మటుకు ఆ భాష రాత్రికి రాత్రే మర్యాదస్తురాలైపోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో తర్వాతేమైందంటే నోబెల్ అందుకున్న అబ్దుల్‌రజాక్ గుర్నా, ఆనీ ఎర్నో, ఓల్గా తొకార్చుక్‌తో సహా వెయ్యికి పైగా రచయితలూ ప్రచురణకర్తలూ సంతకాలు పెట్టి ఇదేం పని అన్నారు. షార్జా వాళ్ళు, ఇండోనేషియా వాళ్ళు, మలేషియా వాళ్ళు ఫెయిర్ నుంచి తప్పుకున్నారు. ప్రారంభ సభలోనే స్లొవేనియా తత్వవేత్త జిజెక్ ఇక్కడ నిలబడ్డం గర్వంగానూ ఉంది కాస్త సిగ్గుగానూ ఉంది అంటే అక్కడా గలాటా. అదే వారంలో, అదే ఊళ్ళో, సల్మాన్ రష్దీకి జర్మన్ పుస్తక వ్యాపారుల సంఘం వాళ్ళ శాంతి బహుమతి. భావస్వేచ్ఛ మీద మంచి ఉపన్యాసాలు జరిగాయి. ఆ స్వేచ్ఛకి మాత్రం తగిన ఫార్మాట్ వెంటనే దొరికింది.

సరే, ఇంతసేపూ నవ్వాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడ. జర్మనీలో ఓ విమర్శకుడి గోల ఏంటంటే ఈ నవల్లో ఇజ్రాయెలీలంతా పేరూ ఊరూ లేని హంతకులట. అయ్యా, ఆ నవల్లో ఎవడికుంది పేరు? కథ చెప్పే ఆవిడకి లేదు, చచ్చిపోయిన పిల్లకీ లేదు. 1949 ఆగస్టులో నెగెవ్ ఎడారిలో ఒక బెడూయిన్ (ఎడారి సంచార అరబ్బుల) పిల్లని ఇజ్రాయెల్ సైనికులు పట్టుకుని, చెరిచి, చంపి, ఇసకలో పూడ్చేశారు. ఇది షిబ్లీ కల్పించింది కాదు. ఇజ్రాయెల్ సైనిక కోర్టే గుట్టుగా విచారించి శిక్షలేసింది, 2003లో ఇజ్రాయెల్ పేపరు హారెట్జే బయటపెట్టింది. వాళ్ళ కోర్టు ఒప్పుకున్నది, వాళ్ళ పేపరు అచ్చేసింది, ఒక పాలస్తీనా ఆవిడ నవలగా రాస్తే మాత్రం టైము బాలేదా? ఆ పిల్ల గురించి మాట్లాడ్డానికి 1949లో టైము బాగుందా? ఎప్పుడు బాగుంటుంది, చెప్పండి, క్యాలెండర్ తెచ్చుకుంటా! పెన్ బెర్లిన్ అనే రచయితల సంఘం తరఫున ఎవా మెనాస్సె ఒక్కావిడే సూటిగా అంది, వార్తలు మారినంత మాత్రాన పుస్తకం మారదు, ప్రైజుకి తగినదైతే తగినదే అని. ఇంత చిన్న విషయం ఒకరు విడమరిచి చెప్పాల్సొచ్చింది, పుస్తకాల సంతలో!

ఆ నవల రెండో సగంలో పాలస్తీనాలోని రమల్లాలో ఉద్యోగం చేసుకునే ఒకావిడ ఆ పిల్ల సంగతి పేపర్లో చదివి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. తన ఐడీ కార్డుతో చెక్‌పోస్టు దాటనివ్వరు. అందుకని ఆఫీసులో పనిచేసే ఇంకో ఆవిడ కార్డు అడిగి తీసుకుని, అద్దె కారులో, గుండె దడదడలాడుతూ పోతుంది. పుస్తకం రాసినావిడ ఫ్రాంక్‌ఫర్ట్ స్టేజీ ఎక్కడానికి ఎవరి కార్డు అడిగి తెచ్చుకోవాలో ఆ కమిటీ వాళ్ళు కాస్త ముందే చెప్పాల్సింది.