పైపై చదువు

కోనసీమలో ఇంటర్ బైపీసీ చదివే ఆడపిల్లకి దారులు రెండే. నీట్‌లో సీటొస్తే డాక్టరు, రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్. ఈ రెండూ కాదని ‘తెల్లరక్తకణాల పైపొర మీద పరిశోధన చేస్తా’ననే పిల్లని చూసి ఊరు బెంగపడటం న్యాయమే.

“పైపైనేనా? లోపలేముందో చూడవా?” అంటాడు మావయ్య. సూటి ప్రశ్నే. కానీ కాలవలో నీళ్ల సంగతి లాకు దగ్గర తేలినట్టు, కణం సంగతి పైపొర మీదే తేలుతుంది. అక్కడి అణువులకి 1982లో పారిస్‌లో కూర్చుని ‘సీడీ’ అని పేరు పెట్టి నంబర్లివ్వడం మొదలెట్టారు. టీ కణాలని తెల్లరక్తకణాల్లో ఒక జాతి. వాటిలో సీడీ4 ఉంటే సాయపడే కణం, సీడీ8 ఉంటే చంపే కణం. ఇప్పుడా నంబర్లు 370 దాటాయి. టీ కణం మీదున్న బ్రేకులు తీస్తే అది క్యాన్సర్‌ని పట్టుకుంటుందని చూపినందుకు అలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ వచ్చింది. మావయ్యకి ఇది చెప్పి లాభం లేదు, జీతమెంతని అడుగుతాడు.

జీతం కాదు, ఫెలోషిప్. డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ కొడితే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. పీహెచ్‌డీ అయిదారేళ్లు. తర్వాత పోస్ట్‌డాక్, అంటే ఉద్యోగం దొరికేదాకా చేసే ఉద్యోగం.

పని మాత్రం సులువే. రక్తంలో సమానంగా బఫర్ అనే ఉప్పునీటి ద్రావణం కలిపి, 1.077 సాంద్రత ఉన్న ఫైకాల్ అనే ద్రవం మీద ట్యూబు వంచి, గోడ వెంట జారుస్తూ పోయాలి. గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ (భూమి లాగే బలానికి 400 రెట్లు) దగ్గర అరగంట, బ్రేకు లేకుండా. ఇక్కడా బ్రేకే! వేళ మించిందని బ్రేకు పెట్టారా, పొరలు కలిసిపోతాయి, పొద్దుటి కష్టమంతా గోదాట్లో కలిసినట్టే. సరిగ్గా చేస్తే ప్లాస్మాకి కింద ఆత్రేయపురం పూతరేకులా పల్చటి తెల్లపొర తేలుతుంది. అవే కావలసిన కణాలు. కడిగి, ట్యూబుకి పది లక్షల చొప్పున పంచి, కావలసిన సీడీ అణువుని పట్టుకునే, రంగు తగిలించిన యాంటీబాడీ వేసి, అరగంట ఐసు మీద చీకట్లో ఉంచాలి.

చిక్కల్లా చుట్టాల్లాంటి కణాలతో. కొన్ని యాంటీబాడీని చెయ్యి వదిలేసి తోక పట్టుకుంటాయి, అందుకే ముందుగా ఆ పట్టుని ఆపే ఎఫ్‌సీ బ్లాక్ వెయ్యాలి. చచ్చిన కణాలైతే వేసిన ప్రతి రంగునీ అంటించుకుంటాయి. వాటిని వేరే రంగుతో గుర్తుపట్టి ఏరెయ్యకపోతే, లేని కణజాతిని కనిపెట్టిన ఘనత దక్కుతుంది.

చివరికి కణాల్ని ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపి రంగు చూసే ఫ్లో సైటోమీటర్ తెర మీద, కణానికొకటిగా పడే చుక్కల్లో కావలసినవాటి చుట్టూ గీత గీయాలి, దాన్నే గేటింగ్ అంటారు. ఈ విద్య మన పెళ్లిళ్ల పేరయ్యలకి ముందే వచ్చు: మొదటి గేటు ఉద్యోగం, రెండోది ఎకరాలు, మూడోది రంగు. కాకపోతే వాళ్లు పోల్చి చూసుకునే కంట్రోలు ట్యూబు పెట్టరు.

ఊళ్లో ఈ చదువుని నమ్మిన మనిషి ఒక్కడే, రొయ్యల చెరువు బాబాయ్. “నువ్వు చదివేది రోగనిరోధకమే కదమ్మా, రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ రోగానికి టీకా చెయ్యి” అంటాడు. “రొయ్యకి యాంటీబాడీలూ ఉండవు, టీ కణాలూ ఉండవు బాబాయ్” అని నిజం చెప్పిందా, ఆ ఒక్కడూ మావయ్య పక్కన చేరతాడు.