కాన్ఫిడెన్స్ రాకపోతే ఫీజు వాపస్

ఆదివారం పేపర్లోంచి జారిపడ్డ కరపత్రం ఒకటి నా ముందుంది. పసుపు కాగితం, ఎర్ర అక్షరాలు. ‘కాలేజీ ఇంటర్వ్యూ అంటే టెన్షనా? ఇంగ్లీషంటే వణుకా? 21 రోజుల్లో కాన్ఫిడెన్స్ గ్యారంటీ. రాకపోతే ఫీజు వాపస్.’ అడ్రసు విశాఖ ద్వారకానగర్. ఇంకెక్కడుంటుంది? ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి ఏ సందులోకి తిరిగినా పైన బ్యాంకు కోచింగు, మెట్ల కింద స్పోకెన్ ఇంగ్లీషు.

ఈ గ్యారంటీ రాసినవాడు సామాన్యుడు కాదు. కాన్ఫిడెన్స్ రాని కుర్రాడు ఫీజు వెనక్కి అడగాలంటే ఏం చెయ్యాలి? రిసెప్షన్ దగ్గరికెళ్లి, నలుగురిలో గొంతు పెంచి, ‘నాకు కాన్ఫిడెన్స్ రాలేదు, నా డబ్బు నాకిచ్చెయ్యండి’ అనాలి. అంత మాట అనగలిగాడంటే వచ్చేసినట్టే కదా, ఇక వాపస్ ఎందుకు? అనలేక గుమ్మం దగ్గరే నీళ్లు నమిలాడనుకోండి, అడగనివాడికి ఎవడిస్తాడు? పైగా ఆవరణలో ఇంగ్లీషే మాట్లాడాలని గోడకు బోర్డు. ఇంత పకడ్బందీ షరతు ఇన్సూరెన్సు కంపెనీలకు కూడా తట్టలేదు.

లోపల ఇచ్చేది ఒక జిరాక్సు కాగితాల కట్ట. హాబీ ఏమిటంటే గార్డెనింగ్ అని చెప్పాలట. కంచరపాలెంలో రెండు గదుల వాటాలో నలుగురితో సర్దుకునే పిల్లాడి హాబీ గార్డెనింగ్. గాజువాకలో మూడో అంతస్తు పిల్లదీ గార్డెనింగే. ఈ లెక్కన మే నెలకల్లా విశాఖలో సిమెంటన్నది కంటికి కనపడకూడదు. బలహీనత ఏమిటంటే ‘ప్రతి పనిలో పర్ఫెక్షన్ కోసం పాకులాడతాను సార్’ అనాలి. ఆ ఉక్కపోతలో మెడకో టై. అర్థం కాకపోతే ‘మళ్లీ ఒకసారి అడగండి సార్’ అనొచ్చని మాత్రం కట్టలో ఎక్కడా లేదు. ‘ఒక్క నిమిషం ఆలోచించుకుని చెప్తాను’ అనొచ్చనీ లేదు. అవి ఊరికే చెప్పేయొచ్చు కాబట్టి కాబోలు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. కాలేజీ పేరు ఎందుకు లెండి, అన్నిచోట్లా ఇదే భాగోతం. ఎంబీయే సీటుకి ఇంటర్వ్యూ. లోపల ముగ్గురు పెద్దలు. ఒకాయనది అనకాపల్లి, ఒకాయనది తగరపువలస, మూడో ఆయనది పార్వతీపురం. ‘ఏటి మేస్టారూ, భోజనాలు ఇంకా రాలేదా’ అని అప్పటిదాకా కమ్మగా మాట్లాడుకున్నవాళ్లే. తలుపు తోసుకుని కుర్రాడు రాగానే ముగ్గురూ ఒక్కసారిగా తెలుగు మర్చిపోయారు.

‘వాక్ అస్ త్రూ యువర్ జర్నీ’ అన్నారు అనకాపల్లి వారు.

కట్టలో ఉన్న ప్రశ్న ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’. అదే ఇదని వాడికెవరు చెప్పాలి? జర్నీ అన్నారు కదా అని ఉన్నదున్నట్టు చెప్పాడు. పాత పోస్టాఫీసు దగ్గర బస్సెక్కాను సార్. జగదాంబలో రష్ సార్. మద్దిలపాలెం వరకు స్టాండింగే సార్. తగరపువలస వారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. హాబీ అడిగారు. గార్డెనింగ్ సార్. ‘విచ్ ప్లాంట్?’ కుర్రాడి మొహం వెలిగింది. ‘స్టీల్ ప్లాంట్ సార్!’ మరి ఈ ఊళ్లో పుట్టినవాడికి ప్లాంటంటే ఇంకేముంటుంది? ముగ్గురూ నవ్వారు. వాడూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. నవ్వుతూ ఉండమని కట్టలో ఉంది మరి.

చివర్లో పార్వతీపురం వారు డిమాండ్, సప్లై గురించి చెప్పమన్నారు. వాడు నేల చూపులు చూశాడు. ఫైల్లో ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని పడింది.

వాడి తండ్రికి ఫిషింగ్ హార్బర్లో మరబోటులో వాటా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట బంద్ అయితే బజార్లో ఏ చేప రేటు ఎలా ఎగురుతుందో వాడికి తెలుసు. కమీషన్ ఏజెంటు దగ్గర డీజిల్‌కి, ఐస్‌కి అడ్వాన్సు తీసుకున్న బోటు సరుకు వేరేవాడికి అమ్ముకోలేక ఎంత నష్టపోతుందో తెలుసు. తెల్లారగట్ల వేలంపాటలో ఒకేసారి నాలుగు బోట్లు ఒడ్డుకొస్తే ధర ఎలా పడిపోతుందో చిన్నప్పట్నుంచి చూస్తున్నాడు. మీరు అడిగింది ఇదే కదా! మీ స్లైడ్లలో రెండు గీతలు గీసి చెప్పేది ఇదే కదా! వాడికి ఇంగ్లీషు రాదని రాయండి, ఒప్పుకుంటాం. కాన్ఫిడెన్స్ లేదని ఎలా రాస్తారు? గాలీవానల్లో బోటెక్కేవాడికి ఏసీ గదిలో కూర్చున్న మీరు ధైర్యం లేదని సర్టిఫికెట్ ఇస్తారా?

సివిల్స్ ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. దుబాసీని యూపీఎస్సీయే పెడుతుంది. పక్క శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి 2016 సివిల్స్‌లో దేశం మొత్తం మీద మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు రాసే పరీక్ష సీయూఈటీని 2022లో పెట్టినప్పుడే తెలుగుతో సహా 13 భాషల్లో పెట్టారు. ఢిల్లీ వాళ్లకు లేని పట్టింపు తగరపువలస వారికెందుకు?

పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, రేపు ఉద్యోగమూ ఇంగ్లీషులోనే అంటారు. నిజమే. అయితే నేర్పండి! రెండేళ్ల ఫీజు దేనికి పుచ్చుకుంటున్నట్టు? అంతా వచ్చినవాణ్ణే ఏరుకుని చేర్చుకుంటే ఇక మీరు చేసేదేమిటి, హాజరు వేసుకోవడమా?

సరే, ఆ రోజు మిగతా కథ. ఇంటర్వ్యూ అయ్యాక వరండాలో కుర్రాడు టై విప్పి జేబులో కుక్కుకుంటున్నాడు. పార్వతీపురం వారు మెల్లగా పక్కకి చేరారు. తెలుగు మళ్లీ గుర్తొచ్చింది.

‘ఏటి బాబూ, మీది బోటా? ఇంట్లో ఫంక్షనుంది. మంచి వంజరం ఓ పది కిలోలు, రేటు చూసి ఇప్పిస్తావేటి?’

‘ఇప్పుడు వేట బందండి’ అన్నాడు వాడు, ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ. ‘తెరచాప తెప్పల మీదొచ్చేది కొంచెమే ఉంటాది, రేటు మీరు పెట్టలేరు. ఫ్రెష్షని ఎవరైనా తక్కువకిస్తే అది పాత ఐస్ సరుకండి, కొనకండి. ఫంక్షను జూన్ ఆఖరుకి పెట్టుకోండి. అప్పుడు కూడా వేలంలో పాడుకోవాల్సిందే, సారని తగ్గించరు.’