నాలుగు కొమ్ముల రూటర్, ఒక మాగాయ డబ్బా

మా ఊళ్ళో ఇంటర్నెట్ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది. వాటర్ ట్యాంకు మెట్ల మీద ఉంది, సర్పంచ్ గారి కళ్ళంలో ఉంది, శ్మశానం మలుపులో అయితే ఫుల్లుగా ఉంది. లేనిదల్లా ఇళ్ళలోనే. వీడియో కాల్‌లో మనవడి మొహం చూడాలంటే శ్మశానం దాకా నడవాల్సి వస్తోందని మా అమ్మ మొత్తుకోవడంతో, సిమ్ వేసుకుని, టవరు సిగ్నల్ పట్టి ఇంటికి వైఫై పంచే రూటర్ ఒకటి కొనాలని ఇంట్లో తీర్మానం జరిగింది.

మాది విశాఖపట్నం జిల్లా, పద్మనాభం మండలం. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సేనతో పోరాడి ప్రాణాలు విడిచింది ఇక్కడే. కంపెనీలతో పోరాటం మాకు కొత్త కాదు. మొన్నటిదాకా కరెంటు స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ కనెక్షన్ ఒకటి ఉండేది. గడ్డి ట్రాక్టరు ఒకటి దాన్ని తెంపుకుని పోయింది. ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తున్నామన్నారు. ఆ గడ్డి మేసిన ఆవు ఈని, దూడకి కొమ్ములు కూడా వచ్చాయి. మనిషి మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాడు.

రూటర్ ఎంపిక ఒకరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి వాట్సాప్ గ్రూపు పెట్టాం. బావ హైదరాబాద్ నుంచి, తమ్ముడు డాలస్ నుంచి సలహాలు కురిపించారు. ఇద్దరి ఇళ్ళలోనూ ఫైబర్ ఉంది కనక సిగ్నల్ కష్టాల మీద మాట్లాడే అధికారం సహజంగానే వాళ్ళది. తమ్ముడు తన దగ్గర ఖాళీగా ఉన్న రూటర్ పంపిస్తానన్నాడు. విప్పి చూస్తే అది అక్కడి కంపెనీ సిమ్‌కి తప్ప ఇంకెవరికీ లొంగదని, పైగా మన దగ్గర వాడే బ్యాండ్ 40 (బ్యాండ్ అంటే సిగ్నల్ నడిచే తరంగాల బాట) అందులో లేనే లేదని తేలింది. ప్రేమ ఉంది, బ్యాండ్ లేదు.

ఇక విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్ళాను.

"ఎన్ని యాంటెనాలది కావాలి మాస్టారూ?" అన్నాడు కుర్రాడు.

సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు. రూటర్ కొనేవాడు కొమ్ములు చూస్తాడు. రెండు కొమ్ములది మరీ బక్కగా కనిపించింది. ఎనిమిది కొమ్ములది మా బడ్జెట్‌ని పొడిచేలా ఉంది. నాలుగు కొమ్ములది తెచ్చుకున్నాను. ఆ నాలుగింట్లో రెండు వైఫైవని ఇంటికొచ్చాక తెలిసింది. అంటే వాటి పని మా హాల్లో సోఫా దాకా కబురు మోయడమే, టవరుతో వాటికి మాటల్లేవు. మిగతా రెండే టవరు వైపు చెవి ఒగ్గేవి. కొన్ని చవక డబ్బాల్లో అయితే కొమ్ము లోపల తీగ కూడా ఉండదు. ఊరికే అందానికి.

డబ్బా మీద ఆవగింజంత అక్షరాలతో బ్యాండ్ల పట్టిక ఒకటి వేస్తారు. చదవాల్సింది అదొక్కటే కాబట్టి అంత చిన్నగా వేస్తారని నా అనుమానం. బ్యాండ్ 5 అంటే 850 మెగాహెర్ట్జ్. ఇది పల్లెటూరి చుట్టం లాంటిది. పిలవకపోయినా పెరటి దోవన వచ్చి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటుంది, కాకపోతే తెచ్చే మూట చిన్నది. 5జీ ఎక్కువగా నడిచే 3300 మెగాహెర్ట్జ్ పై తరంగాలు కొత్త అల్లుడి బాపతు. తెచ్చేవి ఘనంగా తెస్తాయి గానీ, గోడ అడ్డొస్తే అలిగి వీధిలోనే నిలబడతాయి. "5జీ తీసుకోండి మాస్టారూ, ఫ్యూచర్ ప్రూఫ్" అన్నాడు కుర్రాడు. మా ఊరికి ఫ్యూచర్ ఇంకా ఆనందపురం జంక్షన్ కూడా దాటలేదని చెప్పి 4జీదే తీసుకున్నాను.

ఆ మాట అన్నాక నాకే తప్పనిపించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. అందులో భాగంగా సముద్రం అడుగు నుంచి కేబుళ్ళు కూడా మన తీరానికే వస్తాయట. ఖండాలు దాటొచ్చే ఆ కేబుల్‌కీ మా ఇంటికీ మధ్య ఇక మిగిలింది ఒక కొండ, ఒక జీడిమామిడి తోట. అంతే. వానాకాలం ఆకులు తడిసినప్పుడు ఆ తోట ఒక్కటే సిగ్నల్‌ని ఎంత తాగుతుందో చూస్తే, పసిఫిక్ సముద్రం దాటడమే సులువనిపిస్తుంది.

రూటర్ ఎక్కడ పెట్టాలి? సిద్ధాంతిగారిని పిలిచారు. కరెంటుతో నడిచేది అగ్నితత్వం, ఆగ్నేయంలో పెట్టమన్నారు ఆయన. ఆగ్నేయం అంటే మా వంటిల్లు. మిక్సీ పక్కన, ఇనప బీరువాకి ఆనించి పెట్టాం. నాలుగు కొమ్ములూ నిక్కబొడుచుకుని ఎర్ర లైటు వేసుకుని కూర్చుంది.

అప్పుడు రంగంలోకి దిగారు నాన్న. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి ఫోన్‌లో వేసి ఇస్తే, అందులో అంకెలన్నీ మైనస్‌లో ఉండడం చూసి మొహం వెలిగిపోయింది. వంటింట్లో మైనస్ 112. హాల్లో మైనస్ 108. మేడ మీద, వాయవ్యం మూల, పిట్టగోడ దగ్గర మైనస్ 97.

"ఏది పెద్దదిరా?" అన్నారు, బల్ల మీద బెత్తం ఉన్నట్టే.

"97" అన్నాను.

"మైనస్ 97! సున్నాకి దగ్గరున్నదే పెద్దది. ఇది ఎందుకు పనికొస్తుంది మాస్టారూ అని ఎంతమంది అడిగారో. ఒక్కడికీ జవాబు చెప్పలేకపోయాను."

ఆ అంకెల కొలత డెసిబెల్స్. వంటింటికీ మేడకీ పదిహేను డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో సుమారు 30 రెట్లు. మా మేడకి మెట్లు పదహారు. ఆరువేల డబ్బా బదులు పన్నెండువేలది కొన్నా రాని లాభం మోకాళ్ళ నొప్పితో వచ్చేసింది. అసలు కొనకముందే ఎవరి సిమ్ ఏ మూల పలుకుతుందో ఫోన్‌తో ఇలా తిరిగి చూసుకుని ఉంటే సగం రభస తప్పేది. కానీ అలా చేస్తే వాట్సాప్ గ్రూపుకి పనేముంటుంది?

యాంటెనా మేడ మీద, రూటర్ కింద పెట్టి మధ్యలో పొడుగు కేబుల్ వేయొచ్చని బావ సూచించాడు. పైన దొరికిన సిగ్నల్ ఆ కేబుల్లో దిగుతూ దిగుతూ, మండలం నుంచి ఊరికి దిగే నిధుల్లాగా దారిలోనే కరిగిపోతుంది. అందుకే రూటర్నే పైకెక్కించి, ఇంటర్నెట్ మోసే ల్యాన్ వైరు కిందికి దించాం. అది వంద మీటర్ల దాకా నమ్మకస్తురాలు. (పక్కింటాయన సిగ్నల్ పెంచే బూస్టర్ కొన్నాడు. లైసెన్సు లేని బూస్టర్ పెట్టుకోవడం నేరం. పైగా టవరు చెవిలో బూర ఊదినట్టై చుట్టుపక్కల వాళ్ళందరి ఫోన్లూ పోతాయి. ఆ రెండు రోజులు శ్మశానం మలుపులో కూడా సిగ్నల్ లేదు.)

వానకి తడవకుండా నాన్న ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి రూటర్ మీద బోర్లించారు. క్షణంలో మైనస్ 97 కాస్తా మాయమైంది. రేకు దాటి తరంగం రాదు. "ఇలా ఇవ్వండి" అని అమ్మ మాగాయ ఖాళీ చేసిన ప్లాస్టిక్ డబ్బా కడిగి ఇచ్చింది. దాని అడుగున వైరుకి, గాలికి నాలుగు బెజ్జాలు పెట్టి, బిగింపులకి హుద్‌హుద్ తుపానుని గుర్తు చేసుకుని రెండేసి తీగలు చుట్టి, మేడ మీది నీళ్ళ ట్యాంకు నీడలో, టవరు వైపు తిప్పి బిగించాం. ట్యాంకుకి అవతలి పక్క పెడితే నీళ్ళే సిగ్నల్‌ని తాగేస్తాయి. మనవడి మొహం హాల్లోనే ముక్కలవకుండా కనిపించింది. ఇప్పటికీ మేడ మీద ఎండ కాస్తే ఇంటర్నెట్ కాస్త ఆవపిండి వాసన వేస్తుంది.

వారం తర్వాత సిద్ధాంతిగారు వచ్చి మేడెక్కి చూశారు.

"వాయవ్యం! వాయువు స్థానం. తరంగాలు గాలిలోంచే కదా వచ్చేది. నేను మొదట్నించీ చెబుతున్నది అదే" అన్నారు.

నాన్న నావైపు చూశారు. నేను మాగాయ డబ్బా వైపు చూశాను. ఈలోపు సిద్ధాంతిగారు జేబులోంచి పంచాంగం తీసి, వెనక అట్ట మీద పాస్‌వర్డ్ రాసుకున్నారు.