హాస్కెల్‌కు ఇంకో లైబ్రరీ అక్కర్లేదు

హాస్కెల్ అనే ఫంక్షనల్ (లెక్కల్లోని ఫంక్షన్ల మాదిరిగా కోడు రాసే) ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది: ఎఫెక్ట్స్ (ఫైలు చదవడం, తెరమీద రాయడం లాంటి పనులు) కోసం ఏ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు, వాడాలి? పాతకాపులు ఎంటీఎల్ చాలంటారు. కొన్నేళ్ల కిందట పాలిసెమీ అన్నవాళ్లు ఇప్పుడు ఎఫెక్ట్‌ఫుల్ అంటున్నారు. బ్లూఫిన్ అనేవాళ్లు కొత్తగా తయారయ్యారు. ఎవరి వాదన వాళ్లకుంది, ఎవరి వేగం లెక్కలు వాళ్లకున్నాయి. నా మాట సూటిగా చెబుతాను. ఉన్నవాటిలో ఏది వాడుకున్నా పర్వాలేదు. ఇంకొకటి మాత్రం రాయకండి.

ఇది ఎఫెక్ట్స్‌తో ఆగే సంగతి కాదు. డేటాను ముక్కలు ముక్కలుగా చదివి పంపడానికి కాండ్యూట్, పైప్స్, స్ట్రీమింగ్, స్ట్రీమ్లీ ఉన్నాయి. రికార్డు లోపలి ఫీల్డును మార్చడానికి లెన్స్, ఆప్టిక్స్, మైక్రోలెన్స్. వెబ్‌సైటు కట్టాలంటే యెసోడ్, సర్వెంట్, స్కాటీ, స్నాప్, ఐహెచ్‌పీ. కోడును వరసలో సర్దిపెట్టే చిన్న పనికి కూడా ఓర్మోలు, దాని మీద అలిగి వచ్చిన ఫోర్మోలు, బ్రిటనీ, స్టైలిష్-హాస్కెల్, హిండెంట్. గో భాషలో ఆ పనికి భాషతోపాటే వచ్చిన ఒక్క టూల్ ఉంది. అది పెట్టిన వరస నచ్చినా నచ్చకపోయినా అందరూ అదే వాడతారు, చర్చ అక్కడితో ముగుస్తుంది. హాస్కెల్‌లో ఖాళీలు ఎన్ని వదలాలన్న దాని మీద కూడా సిద్ధాంతాలున్నాయి.

అన్నిటికన్నా విచిత్రమైంది ప్రెల్యూడ్ కథ. ప్రతి హాస్కెల్ ప్రోగ్రాములోకి అడగకుండానే వచ్చే మొదటి లైబ్రరీ అది. అందులో 'హెడ్' అనే ఫంక్షన్ లిస్టులో మొదటి వస్తువును ఇస్తుంది. లిస్టు ఖాళీగా ఉంటే ప్రోగ్రాము కుప్పకూలుతుంది. టైపులు (ఏ డేటా ఏ రకమో చెప్పేవి) సరిపోతే చాలు, తప్పు జరగదని గొప్పలు చెప్పుకునే భాషలో, కొత్తవాడు మొదటి రోజే వాడే ఫంక్షన్ ఇలా ఉంది. దీనికి సమాజం ఏం చేసింది? రీల్యూడ్, రియో, ప్రోటోల్యూడ్, యూనివర్సమ్, క్లాసీ-ప్రెల్యూడ్ అంటూ ప్రత్యామ్నాయాలు రాసుకుంది. భాష తొలి నివేదిక 1990లో వచ్చింది. అసలు ప్రెల్యూడ్‌లోని హెడ్‌ను వాడితే కంపైలర్ (కోడును యంత్రం నడిపే రూపంలోకి మార్చే ప్రోగ్రాము) హెచ్చరించడం 2023లో, హాస్కెల్ ప్రధాన కంపైలర్ జీహెచ్‌సీ 9.8 వెర్షన్‌తో మొదలైంది. ముప్పై మూడేళ్లు! పెద్ద లిస్టును కూడేటప్పుడు మెమరీ తినని ఫోల్డు (లిస్టులోని వస్తువులన్నిటినీ కలిపి ఒకే ఫలితం తేల్చే) ఫంక్షన్ ప్రెల్యూడ్‌లోకి రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని వేరే చోటినుంచి తెచ్చుకోమని ప్రతి పాఠ్యపుస్తకమూ అప్పటిదాకా చెబుతూనే ఉంది.

కొత్త ప్రెల్యూడ్ రాస్తే పేరొస్తుంది. పాత ప్రెల్యూడ్‌లో ఒక్క ఫంక్షన్ మార్చాలంటే వేల ప్యాకేజీల యజమానులను ఒప్పించాలి, నెలల తరబడి వాదించాలి, చివరికి కనీసం ఒకరైనా మీ మీద విరుచుకుపడతారు. మొదటి పనికి మనుషులు దొరకడమూ రెండో పనికి దొరకకపోవడమూ సహజమే. సహజమైందల్లా మంచిదేం కాదు.

తెలుగువాళ్లకు నేరుగా తగిలే ఉదాహరణ ఒకటి చెబుతాను. హాస్కెల్‌లో 'స్ట్రింగ్' అంటే అక్షరాల లిస్టు. ఒక్కో అక్షరం ఒక్కో పెట్టెలో ఉంటుంది, ఆ పెట్టెకు తర్వాతి పెట్టె చిరునామా కట్టి ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, పాఠం చెప్పడానికి ఇంకా బాగుంటుంది. 64 బిట్ల యంత్రంలో ఇంగ్లిష్ అక్షరానికి ఇది 24 బైట్లు తింటుంది, ఎందుకంటే మొదటి 256 అక్షరాల పెట్టెలను కంపైలర్ అందరికీ కలిపి ఒకే చోట ఉంచుతుంది. తెలుగు అక్షరాలు ఆ పరిధిలో లేవు కాబట్టి ఒక్కోదానికి 40 బైట్లు. 'తెలుగు' అన్న మాటలో యూనికోడ్ (ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే పట్టిక) లెక్కన ఆరు సంకేతాలుంటాయి: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. అంటే 240 బైట్లు! అదే మాట, ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లలో ఇమిడిపోతుంది. పొడవెంత అని అడిగితే హాస్కెల్ ఆరు అంటుంది. ఎలిక్సిర్ అనే ఇంకో ఫంక్షనల్ భాషను అడగండి, బళ్లో పిల్లవాడు చెప్పినట్టే మూడు అంటుంది. ఎందుకంటే ఎలిక్సిర్‌లో ఆ లెక్క భాషతో వచ్చే లైబ్రరీలోనే ఉంది, ఎవరో ఒకరు కూర్చుని దాన్ని సరిచేసి పెట్టారు.

స్ట్రింగ్‌తో పని జరగదని హాస్కెల్ వాళ్లకు ఎప్పుడో తెలుసు. అందుకే 'టెక్స్ట్' అనే లైబ్రరీ వచ్చింది, బైట్ల కోసం 'బైట్‌స్ట్రింగ్' వచ్చింది. రెండింటిలోనూ బద్ధకంగా (అవసరమైనప్పుడే) లెక్కించేది ఒకటి, వెంటనే లెక్కించేది ఒకటి. స్ట్రింగ్‌తో కలిపి మొత్తం ఐదు రకాలు. ఒక లైబ్రరీ స్ట్రింగ్ అడుగుతుంది, ఇంకోటి టెక్స్ట్ ఇస్తుంది, మధ్యలో మార్చుకుంటూ కూర్చునేది వాడేవాడు. టెక్స్ట్ లైబ్రరీ లోపల యూటీఎఫ్-16 నుంచి యూటీఎఫ్-8కు మారింది 2021 చివర్లో. ఆ మార్పుతో ఒక్కో తెలుగు సంకేతం రెండు బైట్ల నుంచి మూడు బైట్లయింది, అయినా నేను ఆ మార్పు వైపే. ఫైళ్లూ నెట్‌వర్కులూ అన్నీ యూటీఎఫ్-8లోనే ఉన్నప్పుడు లోపలా బయటా మార్చుకుంటూ కూర్చోవడం దండగ. నేను మెచ్చుకునేది ఇంకోటి కూడా: ఆ పని చేసినవాళ్లు 'టెక్స్ట్-యూటీఎఫ్8' అని కొత్త ప్యాకేజీ పెట్టుకుని చేతులు దులుపుకోలేదు. అందరూ వాడుతున్న లైబ్రరీ లోపలికే దిగి, దానిమీద ఆధారపడ్డ ప్యాకేజీలు విరిగిపోకుండా మార్చారు.

ఇక 2015ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మే నెలలో రస్ట్ అనే భాష 1.0 వెర్షన్ వచ్చింది. దానితోపాటే కార్గో అనే టూల్ ఉంది. ప్యాకేజీ దించాలన్నా, బిల్డు చేయాలన్నా, టెస్టులు నడపాలన్నా ఒకటే ఆదేశం. తర్వాతి నెలలోనే హాస్కెల్ లోకంలోకి అలాంటిదే స్టాక్ వచ్చింది. అప్పటికి అదే పని చేసే పాత టూల్ కబాల్‌తో జనం విసిగిపోయి ఉన్నారు. ఒక ప్యాకేజీ ఎక్కిస్తే అంతకుముందు ఎక్కించింది విరిగేది, దానికి 'కబాల్ నరకం' అని పేరే ఉండేది. ఒకదానితో ఒకటి పొసిగే వెర్షన్లను ముందే పరీక్షించి స్టాకేజ్ అనే పట్టికగా ఇవ్వడం, స్టాక్ దాన్ని వాడటం నిజంగా మంచి ఆలోచన. కబాల్ వాళ్లూ ఊరుకోలేదు, ఒక్కో ప్రాజెక్టు డిపెండెన్సీలు (అది ఆధారపడే ప్యాకేజీలు) ఇంకో ప్రాజెక్టుకు తగలకుండా కొత్త పద్ధతి తెచ్చి, 2019లో కబాల్ 3.0తో దాన్నే మామూలు పద్ధతి చేశారు. మధ్యలో ఆ నాలుగేళ్లూ కొత్తగా వచ్చిన ప్రతివాడి మొదటి ప్రశ్నా ఒకటే: ఏది ఎక్కించుకోవాలి? అధికారిక సైటులో ఏది ముందు చూపించాలన్నదానిపై తగవు ముదిరి 2016లో పోటీగా ఇంకో సైటే వెలిసింది.

రస్ట్ గురించి ఒక మాట. అందులో అందరూ మెచ్చుకునే ట్రెయిట్లకు (ఒక టైపు ఏయే పనులు చేయగలదో చెప్పేవాటికి) మూలం హాస్కెల్ టైప్ క్లాసులు. రస్ట్ మొదటి కంపైలర్‌ను రాసింది ఓక్యామల్‌లో, అంటే ఇంకో ఫంక్షనల్ భాషలో. విత్తనం ఇక్కడిదే, పంట మాత్రం పక్కింటి కొట్టంలో పడింది. క్విక్‌చెక్ కూడా అంతే. టెస్టులకు కావాల్సిన ఇన్‌పుట్లను తనే పుట్టించి ప్రోగ్రామును పరీక్షించే ఆ హాస్కెల్ లైబ్రరీని 2000లో ప్రపంచానికి పరిచయం చేస్తే, ఇవాళ దాని నకలు లేని పెద్ద భాష దాదాపు లేదు.

వైవిధ్యమే హాస్కెల్ బలమని ఎదుటివాళ్లు అంటారు. పరిశోధన కోసం పుట్టిన భాషకు పది దారులు ఉండాల్సిందేనని, పోటీ లేకపోతే స్టాక్ వచ్చేది కాదని, స్టాక్ రాకపోతే కబాల్ బాగుపడేది కాదని వాదిస్తారు. చివరి మాటలో నిజముంది. కానీ పరిశోధన అంటే పదింటిని ప్రయత్నించి తొమ్మిదింటిని మూసేయడం కూడా. ఇక్కడ మూసేయడం అనేది జరగదు. ప్యాకేజీలు హాస్కెల్ ప్యాకేజీల నిలయం హాకేజ్‌లో అలాగే పడి ఉంటాయి, కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ బిల్డు కాకుండా పోతుంది, వెతుక్కుంటూ వచ్చినవాడికి ఏది బతికుందో ఏది లేదో తెలియదు.

పాలిసెమీ సంగతే చూడండి. కోడు అందంగా ఉంటుంది, వేగానికి ఖర్చేమీ ఉండదన్నది దాని వాగ్దానం. 2020లో అలెక్సిస్ కింగ్ అనే ప్రోగ్రామర్ ఆ వాగ్దానాన్ని విప్పి చూపించారు. చిన్న పరీక్షల్లో వేగం పెంచడానికి కంపైలర్ చేసే చమత్కారం, పది మాడ్యూళ్లున్న అసలు ప్రోగ్రాములో పనిచేయదు. ఆమె కూడా సొంత లైబ్రరీ మొదలుపెట్టారు, అది హాకేజ్ దాకా రాలేదు. కానీ దానికోసం నేరుగా జీహెచ్‌సీలో చేర్చిన మార్పు 2023లో 9.6 వెర్షన్‌తో అందరికీ అందింది. లైబ్రరీ మిగల్లేదు, కంపైలర్‌లో చేసిన పని మిగిలింది. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఎడిటర్ విషయంలోనూ అంతే. ఏళ్ల తరబడి ఒక్కో బృందం ఒక్కో టూల్ రాసి అలసిపోయాక, 2020లో రెండు బృందాలు కలిసి, కోడు రాస్తుండగానే ఎడిటర్‌కు తప్పులు చూపించే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్‌ను తెచ్చాయి. అప్పటినుంచే ఈ భాషలో ఎడిటర్ తెరిచి మనిషిలా పనిచేయడం సాధ్యమైంది.

ఇదంతా ఎక్కడో యూరప్ యూనివర్సిటీల గొడవ అనుకోకండి. హైదరాబాద్‌లో మన యాత్రి యాప్‌లో ఆటో బుక్ చేసినవాళ్లు తెలియకుండానే హాస్కెల్ వాడారు. బెంగళూరులో చెల్లింపుల సంస్థ జస్‌పే మొదలుపెట్టిన నమ్మ యాత్రికి అది తోబుట్టువు, దాని సర్వర్ కోడు హాస్కెల్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. బెంగళూరులోనే వేళ్లున్న హసురా అనే సంస్థ కూడా పేరు తెచ్చుకుంది హాస్కెల్‌లో రాసిన ఇంజిన్‌తోనే. పైన చెప్పిన స్ట్రీమ్లీ కూడా మన దేశంలో తయారైన లైబ్రరీయే. అయితే జస్‌పే తెచ్చిన చెల్లింపుల సాఫ్ట్‌వేర్ హైపర్‌స్విచ్ రస్ట్‌లో ఉంది. హసురా మూడో తరం ఇంజిన్ కూడా రస్ట్‌లోనే ఉంది. వేగం, మెమరీ లాంటి కారణాలు ఉండే ఉంటాయి, నేను కాదనను. కానీ హాస్కెల్ బాగా తెలిసిన ఇద్దరు, చేతిలో హాస్కెల్ నిపుణులున్న ఇద్దరు, కొత్త పనికి పక్క తలుపు తట్టారంటే భాష అందం గురించి ఇంకో వ్యాసం రాయడం వల్ల లాభం లేదు.

నన్నడిగితే అసలు జబ్బు హాస్కెల్‌ది కాదు. ఉన్నదాన్ని చూసుకునే పనంటే మన వృత్తికి చిన్నచూపు. ఆ చిన్నచూపు మన ఊళ్లలో ఇంకాస్త ఎక్కువ. హైటెక్ సిటీలో ఏ కుర్రాణ్నయినా అడగండి, 'సపోర్ట్ ప్రాజెక్ట్‌లో పడ్డాను' అని దిగులుగా చెబుతాడు, 'డెవలప్‌మెంట్‌లో ఉన్నాను' అని ఛాతీ విరుచుకుని చెబుతాడు. రెజ్యూమెలో 'మొదటినుంచి కట్టాను' అన్న మాటకు ఉన్న విలువ 'పదేళ్ల కోడును పడిపోకుండా చూశాను' అన్న మాటకు లేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లూ రెండో మాట మీద ఒక్క ప్రశ్న వేయరు. నిజానికి కష్టమైంది రెండోదే. ఎవరో రాసిపోయిన కోడు చదవాలి, ఎందుకలా రాశాడో ఊహించాలి, ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడకుండా చూడాలి.

ఈ చిన్నచూపు ఖరీదు 2024 మార్చిలో లోకమంతా చూసింది. లినక్స్ యంత్రాల్లో వాడే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీని ఒకే మనిషి, జీతం లేకుండా, అలసిపోయి నడుపుతున్నాడు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక అపరిచితుడు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టాడు. అది బయటపడింది కూడా ఒక ఇంజనీరు తన యంత్రంలో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీయడం వల్ల. కొత్త కంప్రెషన్ లైబ్రరీలు రాసేవాళ్లకు అప్పుడూ కొదవ లేదు. ఉన్నదాని దగ్గర ఆ మనిషికి తోడు కూర్చునేవాళ్లే లేరు.

మన ఇంజనీరింగ్ కాలేజీలు ఈ అలవాటును ఏటా కొత్తగా నేర్పుతున్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంటే కొత్తది ఉండాలి, కొత్త పేరుండాలి. అందుకే మళ్లీ అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అదే హాజరు యాప్. తయారుగా అమీర్‌పేటలో దొరుకుతాయన్నది బహిరంగ రహస్యం. వైవా అయిన మర్నాటి నుంచి ఆ కోడును రాసినవాడు కూడా తెరవడు. దీని బదులు నలుగురు విద్యార్థుల జట్టుకు ప్రపంచం వాడుతున్న ఒక లైబ్రరీని అప్పగించి, ఏడాదిలో నాలుగు బగ్గులు సరిచేయమనండి. కొత్త కంపైలర్‌తో బిల్డయ్యేలా చూడమనండి, లేని డాక్యుమెంటేషన్ రాయమనండి. ఆ మార్పులను అసలు నిర్వాహకులు అంగీకరించి కలుపుకుంటేనే మార్కులు వేయండి. గైడ్ సంతకంతో పని జరగని పరీక్ష ఇదొక్కటే. కొనుక్కోవడానికీ దొరకదు.

హాస్కెల్ సంగతికే వస్తే, దిక్కులేని ప్యాకేజీని చేపట్టడానికి హాకేజ్‌లో పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ముందు పాత యజమానికి రాయాలి, జవాబు రాకపోతే అందరికీ తెలిసేలా ఆ మాట ప్రకటించాలి, కొంతకాలం ఆగాలి, తర్వాత హాకేజ్ నిర్వాహకులను అడగాలి. దానికి ఎవరి అనుమతి పత్రమూ, ఏ డిగ్రీ అక్కర్లేదు. ఎఫెక్ట్స్ కోసం కొత్త లైబ్రరీ రాయాలని చేతులు దురద పెడుతున్నవాళ్లు ఆ ఉత్తరంతో మొదలుపెట్టవచ్చు.