సవరణ: కోడిగుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ మీద దుప్పటి గురించి

"కరెంటు పోతే ఇంక్యుబేటర్ మూత తీయకుండా దుప్పటి కప్పేయండి" అని మొన్నటి పోస్టులో రాశాను. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు మేడ మీద కోళ్లు పెంచుకునే మనవాళ్లు కొందరు గాలి రంధ్రాలు కూడా మూసేస్తున్నారట. దయచేసి అలా చేయకండి. పొదగేసిన 18వ రోజు దాటాక గుడ్డులోని పిల్లకు గాలి బాగా కావాలి. పెంకు మీద పగులు కనిపిస్తుంటే మరీనూ. దుప్పటి చుట్టూ కప్పి, రంధ్రాలు వదిలేయండి. గంటా రెండు గంటలు కాస్త చల్లబడినా గుడ్లు సాధారణంగా తట్టుకుంటాయి, ఉండాల్సిన 37.5 డిగ్రీలు దాటి వేడెక్కితేనే ముప్పు ఎక్కువ.

పుట్టిన పిల్లల సంగతి వేరు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. బెంగళూరులో డిసెంబరు రాత్రులు 16కి పడిపోతాయి. వేడినీళ్ల సీసాకి పాత తువ్వాలు చుట్టి, అట్టపెట్టెలో ఒక మూల దొర్లకుండా పెట్టండి. పిల్లలు గట్టిగా అరుస్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలేస్తున్నట్టు. రెక్కలు జార్చి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. సీసా కాస్త జరపండి.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దే వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కోడిపిల్లలకే కాదు, ఇంట్లోవాళ్లకీ ప్రాణాంతకం.