మార్చిలో కప్పలు దొరకవు

ఎమ్మెస్సీలో జీవవైవిధ్యం చదివే పిల్లల ప్రాజెక్టుల గురించి కాస్త కటువుగానే ఒక మాట చెప్పాలి. డిపార్ట్‌మెంట్ బోర్డు మీద బోటనీ అని ఉన్నా, జువాలజీ అని ఉన్నా, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ అని ఉన్నా విశాఖలో కనిపించే జబ్బు ఒకటే. ప్రాజెక్టు నాలుగో సెమిస్టర్‌లో పడుతుంది, అంటే ఇంచుమించు జనవరి నుంచి మే దాకా. టాపిక్ చూస్తే "కంబాలకొండ గుల్మాలు" (అంటే చిన్న మెత్తటి కాండం మొక్కలు), "అనంతగిరి కప్పలు", "సీతాకోకచిలుకల సర్వే". కొండ ఎండిపోయాక వెళ్లి ఏం లెక్కపెడతారు?

తూర్పు కనుమల్లో గుల్మాలు పూత మీద ఉండేది ఆగస్టు నుంచి నవంబర్ దాకా. నేలతాడి, నేలమీద పెరిగే ఆర్కిడ్లు వానలకు మొలిచి, ఎండలొచ్చేసరికి పైన ఆకు కూడా మిగల్చకుండా గడ్డలో దాక్కుంటాయి. కప్పల జాతిని పట్టిచ్చేది ఎక్కువగా మగకప్ప అరుపు, ఆ అరుపు వినిపించేది వానల్లోనే. సీతాకోకచిలుకలకు సెప్టెంబర్ నుంచి నవంబర్ మంచి కాలం. చెట్లకూ ఈ బెడద ఉంది. మోదుగ ఫిబ్రవరి, మార్చిలో పూస్తుంది, అప్పుడు ఆకుండదు. ఆకూ పువ్వూ రెండూ ఉన్న నమూనా కావాలంటే రెండుసార్లు వెళ్లక తప్పదు.

కాబట్టి టాపిక్ రెండో సెమిస్టర్ సెలవుల్లోనే తేల్చుకోండి. మూడో సెమిస్టర్ ఆదివారాలు ఫీల్డ్‌కి, నాలుగోది గుర్తింపుకీ లెక్కలకీ రాతకీ. అడవిశాఖ అనుమతి కూడా ఆ రెండో సెమిస్టర్ సెలవుల్లోనే అడగాలి. కంబాలకొండ అభయారణ్యం. ఎకో పార్కు టికెట్ కొన్నంత మాత్రాన మొక్క కోసే హక్కు రాదు. దరఖాస్తులో ఏ జాతులు, ఎన్ని నమూనాలు, ఏ బీట్ (అడవిశాఖ గార్డు పరిధి), ఏ తేదీలు అన్నది స్పష్టంగా రాయండి. "జీవవైవిధ్య అధ్యయనం కొరకు" అని ఒక్క ముక్క రాసి పంపితే ఫైలు ప్రశ్నలతో వెనక్కి వస్తుంది, ఈలోపు వానలు వెళ్లిపోతాయి.

సరే, జనవరి వచ్చేసింది, చేతిలో ఏమీ లేదు. అప్పుడు కొండ వదిలేసి సముద్రం వైపు తిరగండి. జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట రాళ్లు మన ఊళ్లో ఉచితంగా దొరికిన ప్రయోగశాల. ఇంత మంచి రాతి తీరాన్ని పక్కన పెట్టుకుని అరకు బస్సెక్కేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక్కడ రోజుకి రెండు ఆట్లు, రెండు పోట్లు. అమావాస్య, పౌర్ణమి రోజులకు ఆటుకీ పోటుకీ తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. కింది అంచు రాళ్లు బయటపడేది ఆ నాలుగైదు రోజులే. రోజూ పనికి దొరికేది ఆటుకి (నీరు బాగా వెనక్కి తగ్గిన వేళకి) గంట ముందు, గంట తర్వాత. టైడ్ టేబుల్ చూసుకోకుండా అష్టమి నాడు వెళితే తడిసిన ప్యాంటు తప్ప డేటా రాదు.

నీటి అంచుకు అడ్డంగా తాడు వేసి, పైన చిన్న నత్తల పట్టీ, మధ్యలో బార్నకిల్స్ (రాయికి అతుక్కుని బతికే పెంకు జీవులు) పట్టీ, కింద నాచు పట్టీ విడివిడిగా గుర్తించండి. ఒక్కో పట్టీలో 25×25 సెం.మీ. క్వాడ్రాట్లు (లోపల ఉన్నవి లెక్కపెట్టే చదరపు చట్రాలు) కనీసం పదేసి పెట్టండి. మూడు పట్టీలనూ కలిపి సగటు తీశారో, ఆ అంకెకు అర్థం ఉండదు. నాచును తలలు లెక్కపెట్టలేం, ఎంత శాతం రాయి కప్పిందో రాయాలి. కెరటాలకు వీపు పెట్టి వంగొద్దు, ఒకరు ఎప్పుడూ సముద్రాన్ని చూస్తూ ఉండాలి. సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు, పగడాలు వన్యప్రాణి చట్టం కిందకొస్తాయి, సీసాలో వేశారా చిక్కే. ఈ నెలల్లోనే గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల జోలికి కూడా అడవిశాఖతో కలిసి తప్ప పోవద్దు.

ఇక లెక్కల దగ్గర జరిగే ఘోరాలు. చెట్టు చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తున టేపుతో కొలుస్తారు. దాన్నే ఎక్సెల్‌లో వ్యాసం గడిలో వేసేస్తారు. అంతే, బేసల్ ఏరియా (కాండం అడ్డుకోత వైశాల్యం) దాదాపు పది రెట్లు పెరిగిపోతుంది, π స్క్వేర్ కదా మరి. కంబాలకొండ తుప్పల అడవి కాస్తా కాగితం మీద అమెజాన్‌ని మించిపోతుంది, వైవాలో ఎవరూ అడగరు. మొదలు దగ్గరే నాలుగు కాండాలుగా చీలిన చెట్టయితే నాలుగూ విడిగా కొలిచి, బేసల్ ఏరియాలు కూడి, ఒక్క చెట్టుగా లెక్కించాలి.

జాతుల వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచీ అయితే మరీను. సమానంగా ఉన్న పది జాతులకు సహజ లాగరిథంతో 2.30 వస్తుంది, బేస్ 2తో 3.32. ఏది వాడారో రాయకుండా వేరేవాళ్ల పేపర్‌తో పోల్చి "మా ప్రాంతం వైవిధ్యం ఎక్కువ" అంటారు. ఆర్‌లో (గణాంకాల సాఫ్ట్‌వేర్) వేగన్ ప్యాకేజీతో జాతుల సంచయ రేఖ, అంటే సర్వే పెరిగేకొద్దీ మొత్తం జాతులు ఎన్నయ్యాయో చూపే రేఖ, గీయడానికి పది నిమిషాలు పట్టదు. ఆ రేఖ ఇంకా పైకే పోతోందంటే సర్వే సరిపోలేదని అర్థం. గైడ్లు ముందు ఆ బొమ్మ అడిగితే సగం రోగం కుదురుతుంది.

నమూనాల సంగతి కూడా. విశాఖ తేమకు హెర్బేరియం (పేపర్ల మధ్య ఒత్తి ఎండబెట్టే మొక్కల నమూనాలు) బూజు పట్టడానికి మూడు రోజులు చాలు. మొదటి వారం రోజూ పేపర్లు మార్చండి, తడి పేపర్లు ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. పువ్వు రంగు, పాలు కారుతాయా లేదా, వాసన అక్కడికక్కడే నోటుబుక్కులో రాయాలి, షీటు ఎక్కాక అవేవీ ఉండవు. జంతు నమూనాకు డీఎన్ఏ బార్‌కోడింగ్ (డీఎన్ఏతో జాతిని గుర్తించడం) చేయించే ఆలోచన ఉంటే ఫార్మలిన్‌లో ముంచకముందే చిన్న కండ ముక్క 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి.

ఉద్యోగాల గురించి అడిగేవాళ్లకు: ఈ డిగ్రీతో మన చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది. అక్కడా ఇదే రోగం. వర్షాకాలం కాని ఒక్క సీజన్ డేటా ఇస్తే చాలంటారు, దాంతో పది కిలోమీటర్ల పరిధిలో బతికే వానాకాలపు జీవాలు లెక్కలోకే రావు. కొన్నిసార్లు ఎవరూ చూడకుండానే జాబితాలోకి వచ్చేస్తాయి, అది ఇంకా అన్యాయం. అలాంటి నివేదిక ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చినప్పుడు ముందు సర్వే తేదీలు చూడండి, తర్వాత మొక్కల జాబితా చూడండి. తేదీలు మార్చి నుంచి మే దాకా ఉండి, జాబితాలో వానలకు మొలిచే అగ్నిశిఖ, నేల ఆర్కిడ్లు కనిపిస్తే, వాటిని ఏ గుట్ట మీద, ఎవరు, ఏ రోజు చూశారో ఫొటోతో సహా చూపించమని రాతపూర్వకంగా అడగండి.