నివేదిక ఎవరి సొత్తు?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ కౌంటీ స్కూల్ బోర్డు మరోసారి తలుపు వేసుకుంది. రెండు హైస్కూళ్లలో ఇద్దరు అమ్మాయిలపై జరిగిన లైంగిక దాడుల విషయంలో యంత్రాంగం ఎక్కడెక్కడ తప్పిందో తేల్చమని ఒక లా ఫర్మ్‌కు డబ్బిచ్చి రాయించుకున్న నివేదికను బయటపెట్టాలా, వద్దా అని 2023 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టారు. ముగ్గురు పెట్టాలన్నారు. ఆరుగురు వద్దన్నారు. 2022 జనవరిలో చేతికొచ్చిన కాగితాలు అప్పటికీ బీరువా దాటలేదు. వాటికి కట్టిన డబ్బు మాత్రం మనది.

జరిగిందేమిటో ఈ కౌంటీలో స్కూలుకెళ్లే పిల్లలున్న ఏ ఇంటికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2021 మే 28న యాష్‌బర్న్‌లోని స్టోన్ బ్రిడ్జ్ హైస్కూల్ బాత్‌రూమ్‌లో మొదటి దాడి. నిందితుడైన కుర్రాణ్ని వేరే స్కూలుకు మార్చారు. ఆ కొత్త స్కూలు బ్రాడ్ రన్‌లో అక్టోబరు 6న రెండో దాడి. రెండు కేసులూ జువెనైల్ కోర్టులో రుజువయ్యాయి.

మధ్యలో నాలుగు నెలలకు పైగా గడిచాయి. ఆ నాలుగు నెలల్లో ఎవరికి ఏం తెలుసు, తెలిసి ఏం చేశారు అన్నదే అసలు ప్రశ్న. దానికి సగం జవాబు గ్రాండ్ జ్యూరీ (కోర్టు తరఫున విచారణ జరిపే పౌరుల బృందం) పుణ్యమా అని బయటికొచ్చింది. మొదటి దాడికి రెండు వారాల ముందే, మే 12న, స్టోన్ బ్రిడ్జ్‌లో పనిచేసే టీచింగ్ అసిస్టెంట్ ఒకరు ఆ కుర్రాడి ప్రవర్తన గురించి పైవాళ్లకు మెయిల్ పెట్టారు. ఇది ఇలాగే సాగి రేపు ఎవరికైనా ఏదైనా అయితే ఆ బాధ్యత నామీద వేయొద్దని రాశారు. ఎవరూ కదల్లేదు. దాడి జరిగిన మే 28న స్కూలు నుంచి తల్లిదండ్రులకు వెళ్లిన సందేశం చూడండి. ఆఫీసు గది దగ్గర ఏదో సంఘటన జరిగిందట, షెరిఫ్ మనుషులు వచ్చారట, విద్యార్థుల భద్రతకు ముప్పేమీ లేదట. ఆ సంఘటన అంటే, బిడ్డకు జరిగింది విని ఆఫీసులో అరిచిన తండ్రి కోపం. బిడ్డకు జరిగిన దాని గురించి అందులో ఒక్క ముక్క లేదు.

అదే రోజు కౌంటీ స్కూళ్లన్నిటికీ అధిపతి అయిన సూపరింటెండెంట్ స్కాట్ జీగ్లర్ బోర్డు సభ్యులకు మెయిల్ పంపారు. బాత్‌రూమ్‌లో తనపై లైంగిక దాడి జరిగిందని ఒక విద్యార్థిని ఫిర్యాదు చేసిందన్నది దాని సారాంశం. నెల తిరక్కుండా, జూన్ 22న నిండు బోర్డు సమావేశంలో ఆయనే, తనకు తెలిసినంతవరకు మన స్కూళ్ల బాత్‌రూముల్లో దాడి జరిగినట్లు రికార్డు ఏదీ లేదన్నారు. ప్రశ్న తనకు వేరేలా అర్థమైందని తర్వాత చెప్పుకున్నారు. ఆయనకు వేరేలా అర్థమైంది సరే, మెయిల్ అందుకున్న సభ్యులకు ఏమైంది? అదే వేదిక మీద కూర్చుని విన్నారు కదా! ఆ సాయంత్రం మాట్లాడటానికి 250 మందికి పైగా పేర్లిచ్చారు. బోర్డు వాళ్లందరి మాటా వినకుండానే ఆ కార్యక్రమాన్ని మధ్యలో ఆపేసింది.

ఇంత రచ్చయ్యాక, 2021 నవంబరులో బోర్డు స్వతంత్ర సమీక్ష జరిపిస్తామని ప్రకటించింది. స్వతంత్ర అన్న మాట వాళ్లదే. బయటి వాళ్లు వస్తారు, నిజం తేలుస్తారు అన్న భరోసా జనానికి ఇవ్వడానికే ఆ మాట వాడారు. రెండు నెలల్లో సమీక్ష పూర్తయింది. కాగితాలు చేతికొచ్చాయి. చదివారు. అంతే, అది స్వతంత్ర సమీక్ష కాదట. లాయరు తన క్లయింటుకు ఇచ్చిన రహస్య సలహా అట. ప్రకటించేటప్పుడు ప్రజల కోసం, చదివాక బోర్డు కోసం. మా అభ్యంతరమంతా ఇక్కడే. రెండింటిలో ఏదో ఒకటి మాత్రమే నిజం కావాలి. స్వతంత్ర సమీక్ష అయితే ప్రజలకు ఇవ్వాలి. లాయరు సలహా మాత్రమే అయితే, మొదట్లో దానికి స్వతంత్ర సమీక్ష అని పేరు పెట్టి జనం కళ్లలో కారం కొట్టినట్లు.

పిల్లల గోప్యత దెబ్బతింటుందని, రేపు కేసులు పడితే ఇవే కాగితాలు బోర్డు మెడకు చుట్టుకుంటాయని వద్దన్న వాళ్ల వాదన. మొదటిదానికి మందు నల్ల మార్కరు. 2022 డిసెంబరులో అచ్చయిన గ్రాండ్ జ్యూరీ నివేదికలో ఒక్క బిడ్డ పేరూ లేదు, అయినా ఊరంతా చదివి అర్థం చేసుకుంది. రెండోదానికి జవాబే అవసరం లేదు. మా తప్పులు బయటపడితే మాకు ఇబ్బంది అని చెప్పడం దాపరికాన్ని సమర్థించే కారణమా, దాపరికాన్ని ఒప్పుకోవడమా?

గ్రాండ్ జ్యూరీ కూడా బోర్డు సమ్మతితో వచ్చింది కాదు. గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ పదవిలోకి వచ్చిన రోజే విచారణకు ఆదేశిస్తే, ఆ అధికారమే లేదంటూ బోర్డు కోర్టుకెక్కింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి చేతులు కాల్చుకుంది. ఆ ఫీజులూ మన ఖాతాలోవే. చివరికి గ్రాండ్ జ్యూరీ నివేదిక వచ్చింది. అధికారులు స్కూళ్ల మేలు చూడకుండా తమ మేలు చూసుకున్నారని, ఎక్కడా దాపరికం లేని నడవడి గానీ జవాబుదారీతనం గానీ కనిపించలేదని తేల్చింది. అధికారులూ బోర్డు సభ్యులూ కూడబలుక్కుని కప్పిపుచ్చింది కాదని కూడా అదే నివేదిక చెప్పింది. అది వాళ్లకు అనుకూలమైన మాట. మరి అంత శుభ్రంగా ఉన్నవాళ్లు సొంత నివేదిక ఇవ్వడానికి ఎందుకు జంకారు?

గ్రాండ్ జ్యూరీ నివేదిక వచ్చిన మర్నాడే, 2022 డిసెంబరు 6న, జీగ్లర్‌ను ఏకగ్రీవంగా సాగనంపారు. అదీ ఒప్పందంలోని కారణం చూపని పద్ధతిలో. ఇంత జరిగాక కూడా తొలగింపు కాగితం మీద కారణం రాయలేకపోయారు! వారం తిరక్కుండా ఆయనపై అభియోగాలు బయటికొచ్చాయి. వాటి సంగతి కోర్టుకు చేరింది. అధిపతి ఒక్కడు పోతే పద్ధతి మారుతుందనుకున్న వాళ్లకు ఈ 6-3 ఓటుతో భ్రమ తీరి ఉండాలి.

ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు తమ లింగ గుర్తింపును బట్టి బాత్‌రూములు వాడుకోనిచ్చే విధానం గురించి ఒక మాట. 2021 గవర్నర్ ఎన్నికల నుంచి రెండు పార్టీల వాళ్లూ ఈ కేసును దాని చుట్టూనే తిప్పారు. ఆ విధానం ఆమోదం పొందింది 2021 ఆగస్టులో, మొదటి దాడి జరిగింది మే నెలలో. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు. మే 12 నాటి మెయిల్‌ను ఎవరు పక్కన పడేశారు, బదిలీ మీద ఎవరు సంతకం పెట్టారు అన్న ప్రశ్నలకు ఆ గొడవతో సంబంధం లేదు. టీవీ కెమెరాల ముందు అరుపులు ఎంత పెరిగితే బీరువా తాళం అంత భద్రం.

రేపటి సంగతి ఆలోచిస్తే ఇంకా భయం వేస్తుంది. ఈ స్కూలు జిల్లాలో 80 వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు. 2023 నాటికి ఏటా 160 కోట్ల డాలర్ల చుట్టూ ఖర్చయ్యేది. వర్జీనియాలో స్కూల్ బోర్డుకు సొంతంగా పన్ను వేసే అధికారం లేదు, కౌంటీ సూపర్‌వైజర్ల దగ్గర చెయ్యి చాచాల్సిందే. ఆ డబ్బు అడిగే రోజున ప్రతి అంకెకూ రంగురంగుల స్లైడు ఉంటుంది. లెక్క చెప్పాల్సిన రోజున మాత్రం లాయరు అడ్డొస్తాడు. ఈ దారి ఒకసారి అలవాటైతే రేపు బస్సు బోల్తాపడ్డా, కాంట్రాక్టులో తేడా వచ్చినా, టీచర్‌ను కక్షగట్టి పంపేసినా మందు ఒకటే. విచారణను లా ఫర్మ్‌కు అప్పగించు, స్వతంత్రమని ప్రకటించు, వచ్చాక రహస్యమని ముద్ర వేయి. నిర్ణయాల్లో లాయర్ల పెత్తనం తగ్గించుకోండని గ్రాండ్ జ్యూరీ సలహా ఇచ్చింది. మూడు నెలలైనా కాకముందే బోర్డు దాన్ని గాలికొదిలేసింది. ఇక్కడ చూసి పక్క కౌంటీలూ నేర్చుకుంటాయి. ఇలాంటి విద్య త్వరగా వంటబడుతుంది.

యాష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్‌లలో స్థిరపడ్డ మనవాళ్లతో కూడా కొంచెం కటువుగా మాట్లాడాలి. ఇల్లు కొనేముందు వంటగది కన్నా ముందు స్కూలు రేటింగు చూస్తాం. పదికి తొమ్మిదుంటే అడిగినంత పోసి కొంటాం, ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ కిక్కురుమనకుండా కడతాం. ఆ స్కూలును నడిపే తొమ్మిది మంది పేర్లు అడిగితే ఎంతమంది చెప్పగలరు? హెచ్1బీ మీద ఉన్నాం, ఓటు లేదు కదా అంటారు. నిజమే, ఓటు లేదు. బోర్డు సమావేశంలో లేచి మాట్లాడటానికి ఓటుతో పనిలేదు. మెయిల్ పెట్టడానికి గ్రీన్ కార్డు అడగరు. ఎస్ఏటీ కోచింగ్‌కు వారాంతాలు ఇచ్చే మనం ఒక మంగళవారం సాయంత్రం అటు వెళ్లలేమా? ఈ జిల్లా విద్యార్థుల్లో ఇంచుమించు నలుగురిలో ఒకరు ఆసియా మూలాలున్న బిడ్డ. అందులో మన పిల్లలూ ఉన్నారు. ఆ బాత్‌రూములే వాళ్లూ వాడతారు.

2023 నవంబరులో తొమ్మిది సీట్లకూ ఎన్నికలున్నాయి. అప్పటిదాకా ఆగాల్సిన పని లేకపోయింది. లాయరు గోప్యత అనేది క్లయింటు హక్కు, ఇక్కడ క్లయింటు బోర్డే. వదులుకోవాలనుకుంటే కోర్టు అనుమతి అక్కర్లేదు, గవర్నరు ఆజ్ఞ అక్కర్లేదు. పిల్లల పేర్లు కొట్టేసి ఇస్తామని ఒక తీర్మానం, దానికి ఐదు ఓట్లు చాలు. ముగ్గురు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. మిగిలిన ఆరుగురిలో ఇంకో ఇద్దరు ఆ ఫిబ్రవరిలో చెయ్యెత్తలేకపోయారంటే, వాళ్లు ఆ కుర్చీల్లో కూర్చున్నది పిల్లల కోసమా, లాయర్ల కోసమా?